ఇంటి దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ: ‘దగ్గర’ అన్న మాటలో ఎన్ని కొలతలున్నాయి?

1986లో మొదలైన ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను ఈఏపీసెట్‌గా మారింది. ర్యాంకు చేతికొచ్చాక ఇళ్లలో జరిగే చర్చ మాత్రం మారలేదు. కావలసిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టుకునే వెబ్ ఆప్షన్ల గడువు ముగిసే ముందు రోజు సాయంత్రం ఏ మండల కేంద్రంలోని నెట్ సెంటరుకు వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. తండ్రి చేతిలో కుల, ఆదాయ ధ్రువపత్రాలు దోపిన ప్లాస్టిక్ కవరు ఉంటుంది. కూతురి ఒళ్లో నోటుపుస్తకం ఉంటుంది. అందులో ఎడమ పక్కన కాలేజీ కోడు, మధ్యలో బ్రాంచి, కుడి పక్కన నిరుడు అక్కడ సీటు వచ్చిన చివరి ర్యాంకు, ఆ పక్కనే పెన్సిలుతో ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లో రాసి ఉంటాయి. ‘నాలుగేళ్లూ కళ్లముందే ఉంటుంది, దగ్గర్లోనే వేసుకుందాం’ అని తండ్రి అంటాడు. ‘ఉద్యోగాలిచ్చే కంపెనీలన్నీ హైదరాబాద్‌లో ఉంటే ఇక్కడెందుకు మామా’ అని తోడొచ్చిన బంధువు అంటాడు. ఇద్దరూ దూరం గురించే మాట్లాడుతున్నారు, కానీ ఇద్దరి మనసుల్లోనూ ఉన్న దూరం ఒకటి కాదు.

ఈ వ్యాసం ఆ చిక్కును విప్పే ప్రయత్నం. ‘ఇంటికి దగ్గర’ అన్న మాటను ఒక కుటుంబం కిలోమీటర్లలో కొలుస్తుంది. ప్రవేశాల చట్టం దానిని చదివిన ప్రాంతంతో కొలుస్తుంది. నెలాఖరున ఖర్చు అదే దూరాన్ని రూపాయల్లో చూపిస్తుంది, విద్యార్థి దానిని నిద్రలేని గంటల్లో అనుభవిస్తాడు. ఒక కొలత ప్రకారం దగ్గరైన కాలేజీ మరో కొలత ప్రకారం చాలా దూరం కావచ్చు. ఈ కొలతలను కలిపేసి మాట్లాడినంతకాలం వాదన తెగదు.

ముందుగా కొన్ని మాటలకు అర్థాలు

ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో 70 శాతం సీట్లను ఈఏపీసెట్ ర్యాంకుల ఆధారంగా ప్రభుత్వం నియమించిన కన్వీనరు భర్తీ చేస్తారు. దీనిని కన్వీనర్ కోటా అంటారు. మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, అదే అందరూ బీ కేటగిరీ అని పిలిచేది. ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వమే ఫీజు భరించే పథకం, కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన అర్హులకు వర్తిస్తుంది గాని మేనేజ్‌మెంట్ సీటుకు వర్తించదు. ఇంటి పక్కనున్న కాలేజీ అని బీ కేటగిరీలో చేరిన కుటుంబం బస్సు ఖర్చు మిగుల్చుకుని ఫీజు మొత్తం సొంతంగా కట్టుకోవలసి వస్తుంది.

అనుబంధ కళాశాల అంటే విశ్వవిద్యాలయం ఇచ్చిన పాఠ్యప్రణాళికనే చెప్పి, విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షనే రాయించే కళాశాల. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాల, అంటే అటానమస్ కాలేజీ, పాఠ్యప్రణాళికనూ ప్రశ్నపత్రాన్నీ తానే తయారు చేసుకుంటుంది, డిగ్రీ పట్టా మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. ఆ తర్వాత విజయనగరం కేంద్రంగా జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది. మన ఊళ్ల దగ్గర కనిపించే ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎక్కువ భాగం వీటిలో ఏదో ఒకదానికి అనుబంధంగా ఉన్నవే.

ఇక ‘లోకల్’ అన్న మాట ఉంది. అందరూ వాడే ఈ మాటకు ఇంటి చిరునామాతో ఉన్న సంబంధం అనుకున్నదాని కన్నా చాలా తక్కువ.

చట్టం దృష్టిలో మీ ఇల్లు ఎక్కడుంది?

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను విద్యాసంస్థల్లో ప్రవేశాల కోసం మూడు స్థానిక ప్రాంతాలుగా అవి విభజించాయి. తెలంగాణ అంతా ఉస్మానియా ప్రాంతం. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న కోస్తా జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. నెల్లూరుతో పాటు రాయలసీమ నాలుగు జిల్లాలూ శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. ఏ ప్రాంతంలోని సీట్లలోనైనా 85 శాతం ఆ ప్రాంతపు స్థానికులకు, మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు, అంటే ఏ ప్రాంతం వారికీ ప్రత్యేకించనివి. ఈ 15 శాతంలో స్థానికులు కూడా పోటీ పడతారన్నది చాలామంది గమనించని సంగతి.

స్థానికుడు ఎవరన్నది ఉత్తర్వులే నిర్వచించాయి. అర్హత పరీక్షతో, అంటే ఇంటర్మీడియట్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే స్థానిక ప్రాంతంలో చదివిన విద్యార్థి ఆ ప్రాంతపు స్థానికుడు. ఆ నాలుగేళ్లు ఒకే చోట కుదరకపోతే ఏడేళ్లు వెనక్కి వెళ్లి, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కువ కాలం ఏ ప్రాంతంలో చదివారో చూస్తారు. ఇల్లు, పొలం, రేషన్ కార్డు ఎక్కడున్నాయన్నది ప్రధానం కాదు, బడి ఎక్కడుందన్నదే ప్రధానం.

ఈ నిబంధన నేల మీద ఎలా పనిచేస్తుందో చూడడానికి గిద్దలూరు మంచి ఉదాహరణ. గిద్దలూరు పాత ప్రకాశం జిల్లాలో ఉంది, కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. నల్లమల దాటితే నంద్యాల వస్తుంది. అది పాత కర్నూలు జిల్లా, కాబట్టి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. పాత జిల్లా కేంద్రమైన ఒంగోలు గిద్దలూరుకు నంద్యాల కన్నా రెట్టింపుకు మించిన దూరం. గుంటూరు, నంద్యాల మధ్య తిరిగే రైలు ఎక్కితే నంద్యాలే దగ్గర. సంతకు, ఆసుపత్రికి వెళ్లే గిద్దలూరు వాళ్లకు అది పక్క ఊరే.

అయినా గిద్దలూరులోనే పదో తరగతి, ఇంటర్ చదివిన విద్యార్థి నంద్యాల కళాశాలలో నాన్‌లోకల్. అక్కడి ఒక బ్రాంచిలో కన్వీనర్ కోటా సీట్లు 120 ఉన్నాయనుకుంటే, 102 సీట్లు శ్రీవేంకటేశ్వర ప్రాంతపు స్థానికులవి. ఈ విద్యార్థి పోటీ పడగలిగేది మిగిలిన 18 సీట్లకే. ఆ 18 సీట్లలోనూ స్థానికులతో కలిసే పోటీ పడాలి, సామాజిక వర్గాల వారీ రిజర్వేషన్లూ అందులోనే ఉంటాయి. అదే ఒంగోలు, గుంటూరు, విజయవాడ, చివరికి శ్రీకాకుళం కళాశాలల్లో కూడా ఇతడు స్థానికుడే. నిబంధన లెక్కలో శ్రీకాకుళం దగ్గర, నంద్యాల దూరం.

అదే విద్యార్థి పదో తరగతి దాకా గిద్దలూరులో చదివి, ఇంటర్ రెండేళ్లు నంద్యాలలో చదివాడనుకుందాం. వరుస నాలుగేళ్ల నిబంధన ఏ ప్రాంతానికీ సరిపోదు. ఏడేళ్ల లెక్కలో ఐదేళ్లు ఇటు, రెండేళ్లు అటు, కాబట్టి అతడు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతపు స్థానికుడిగానే ఉంటాడు. కానీ తొమ్మిదో తరగతి నుంచే నంద్యాల హాస్టల్‌లో చేరి ఉంటే నాలుగేళ్లూ అక్కడే పూర్తవుతాయి. అప్పుడు నంద్యాలలో స్థానికుడవుతాడు, సొంత జిల్లా కేంద్రంలో నాన్‌లోకల్ అవుతాడు. పద్నాలుగేళ్ల వయసులో ‘కోచింగ్ బాగుంటుందట’ అని తీసుకున్న నిర్ణయం నాలుగేళ్ల తర్వాత ఏ కాలేజీ దగ్గరో నిర్ణయించేస్తుంది. ఈ సంగతి ఆ రోజున ఏ తల్లిదండ్రులకూ ఎవరూ చెప్పరు.

తెలంగాణలో ఈ చిక్కు మరో రూపంలో ఉంది. రాష్ట్రమంతా ఒకే స్థానిక ప్రాంతం కాబట్టి ఆదిలాబాద్ విద్యార్థికి ఆదిలాబాద్‌లో ఎంత అవకాశం ఉందో హైదరాబాద్‌లోనూ అంతే ఉంది. సొంత జిల్లా కాలేజీలో అతనికి ప్రత్యేకమైన వాటా ఏదీ లేదు. రాష్ట్ర విభజన చట్టంలోని 95వ సెక్షన్ ఉమ్మడి ప్రవేశాల పద్ధతిని పదేళ్లపాటు కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసింది. ఆ తర్వాత 2025–26 ప్రవేశాల నాటికి తెలంగాణ తన 15 శాతం అన్‌రిజర్వుడు సీట్ల నిబంధనలను మార్చుకుంది, దాంతో అంతకుముందు ఆ సీట్లకు పోటీ పడిన ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు ఆ దారి మూసుకుపోయింది. జగ్గయ్యపేటలో ఉండి కోదాడను, తిరువూరులో ఉండి సత్తుపల్లిని దగ్గరి ఊరుగా చూసుకున్న సరిహద్దు కుటుంబాలకు ఇది పెద్ద మార్పే.

జాతీయ సంస్థల లెక్క పూర్తిగా వేరు. ఐఐటీల్లో సొంత రాష్ట్రం వారికి ప్రత్యేక కోటా లేదు. సంగారెడ్డి జిల్లా కందిలో ఇల్లున్నంత మాత్రాన అక్కడి ఐఐటీలో ఎలాంటి వెసులుబాటూ ఉండదు. ఎన్‌ఐటీల్లో మాత్రం సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన వరంగల్ ఎన్‌ఐటీకీ, 2015లో వచ్చిన తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకీ ఇదే పద్ధతి. ఇక్కడ సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రం. హన్మకొండలో పుట్టి పెరిగి రాజస్థాన్‌లోని కోటాలో పన్నెండో తరగతి పరీక్ష రాసిన విద్యార్థి, ఇంటికి నడిచి వెళ్లగలిగేంత దూరంలోని ఎన్‌ఐటీలో పరాయి రాష్ట్రం వాడవుతాడు.

రూపాయల్లో దూరం: మహబూబాబాద్ నుంచి ఒక లెక్క

మహబూబాబాద్‌లో ఒక బీసీ కుటుంబం ఉందనుకుందాం. అమ్మాయి ర్యాంకు 10,000కు పైన. తెలంగాణలో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) విద్యార్థులకు 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజును ప్రభుత్వం భరిస్తుంది. ఆ పైన ర్యాంకు వారికి ఇచ్చేది ఏడాదికి 35,000 రూపాయలు. అంతకు మించిన ఫీజు కుటుంబం కట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ పరిమితి లేదు.

రెండు దారులున్నాయనుకుందాం. లెక్క స్పష్టంగా కనిపించడానికి అంకెలను గుండ్రంగా తీసుకుంటున్నాను. వరంగల్ చుట్టుపక్కల కాలేజీలో ఫీజు 45,000, హైదరాబాద్ శివారు కాలేజీలో ఫీజు 1,00,000. మొదటిదానిలో కుటుంబం ఏటా కట్టేది 10,000, రెండోదానిలో 65,000. నాలుగేళ్లకు ఇవి 40,000, 2,60,000 అవుతాయి. వరంగల్‌కు రోజూ వెళ్లివచ్చే ఖర్చు ఏటా 30,000 చొప్పున 1,20,000. హైదరాబాద్‌లో హాస్టల్ నెలకు 7,000 చొప్పున ఏటా పది నెలలకు 70,000, నాలుగేళ్లకు 2,80,000. మొత్తం కలిపితే దగ్గరి కాలేజీకి 1,60,000, దూరపు కాలేజీకి 5,40,000. తేడా 3,80,000 రూపాయలు.

ఈ తేడాలో హాస్టల్ వల్ల వచ్చినది 1,60,000 మాత్రమే. 2,20,000 ఫీజుల తేడా వల్ల వచ్చింది. ‘హాస్టల్ ఖర్చు భరించలేం’ అని దూరపు కాలేజీని వద్దనుకునే కుటుంబాల్లో చాలా వాటికి అసలు బరువు ఫీజులో ఉంది. రెండు కాలేజీల ఫీజులూ సమానమైతే ఇదే లెక్క సగానికి పైగా తగ్గిపోతుంది. ర్యాంకు 10,000 లోపు ఉన్నా, విద్యార్థిని ఎస్సీ లేదా ఎస్టీ అయినా ఫీజు తేడా దాదాపు మాయమవుతుంది, మిగిలేది హాస్టల్ తేడా ఒక్కటే. ఒకే ఇంటి దూరం ఇద్దరు పక్కింటి పిల్లలకు ఇంత వేరుగా ఉండడానికి కారణం ఇదే. ఒకరి అనుభవాన్ని మరొకరు సలహాగా తీసుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019–20 నుంచి విద్యాదీవెన కింద అర్హుల ఫీజు మొత్తాన్ని ప్రభుత్వమే భరించే పద్ధతి వచ్చింది, వసతి, భోజనాల కోసం డిగ్రీ స్థాయి విద్యార్థులకు ఏటా 20,000 దాకా ఇచ్చే వసతిదీవెన కూడా మొదలైంది. పై లెక్కలోని హాస్టల్ ఖర్చుతో పోలిస్తే అది మూడో వంతుకు తక్కువ. రెండు రాష్ట్రాల్లోనూ మరో సమస్య ఉంది. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైనప్పుడు ‘ముందు మీరు కట్టండి, తర్వాత వెనక్కిస్తాం’ అని యాజమాన్యాలు ఒత్తిడి పెట్టడం, చదువు పూర్తయిన వారి ధ్రువపత్రాలు ఆపడం పత్రికల్లో తరచుగా వస్తూనే ఉంది. ఎక్కువ ఫీజు ఉన్న చోట ఈ అనిశ్చితి కూడా ఎక్కువే.

గంటల్లో దూరం

రూపాయల లెక్క వేసే కుటుంబాలు గంటల లెక్క వేయవు. మహబూబాబాద్ అమ్మాయి రైల్లో వరంగల్ చేరి, అక్కడి నుంచి కాలేజీ బస్సో ఆటోనో ఎక్కితే వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. రోజుకు మూడు గంటలు. ఏడాదికి 180 పనిదినాలనుకుంటే 540 గంటలు. రోజుకు ఆరు గంటల తరగతుల చొప్పున చూస్తే అది 90 రోజుల తరగతులకు సమానం. అంటే ఏటా దాదాపు ఒక సెమిస్టరు మొత్తం ప్రయాణంలోనే గడుస్తుంది.

ఉదయం ఆరున్నరకు కూడలిలో పసుపు రంగు బస్సు కోసం నిలబడిన పిల్లలను చూసినవారికి ఈ అంకె వెనక ఉన్నదేమిటో తెలుస్తుంది. భుజాన డ్రాయింగ్ షీట్ల గొట్టం, చేతిలో టిఫిన్ బాక్సు, రాత్రి పన్నెండు దాకా రాసిన ల్యాబ్ రికార్డు, బస్సు కదిలీ కదలగానే కిటికీకి తల ఆనించి నిద్ర. సాయంత్రం నాలుగు దాటగానే బస్సు కదులుతుంది కాబట్టి కోడింగ్ క్లబ్బు, అదనపు ల్యాబ్, సీనియర్లతో కూర్చుని ప్రాజెక్టు చేసుకోవడం వంటివి డే స్కాలర్లకు అందవు. విశ్వవిద్యాలయాలు 75 శాతం హాజరును తప్పనిసరి చేస్తాయి. వర్షాకాలంలో వాగు పొంగి బస్సు రాకపోయినా గైర్హాజరే. నా మటుకు నేను ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాను: రోజుకు మూడు గంటలు ప్రయాణం చేయించే కళాశాలను ఇంటికి దగ్గరిది అనడానికి నాకు మనసొప్పదు.

ఈ కొలత నగరాన్నీ వదలదు. హైదరాబాద్ కాలేజీలుగా పేరున్న వాటిలో చాలా మటుకు ఘట్‌కేసర్, మైసమ్మగూడ, కండ్లకోయ, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్ వంటి శివార్లలో ఉన్నాయి. వనస్థలిపురంలో ఉండే విద్యార్థికి బాచుపల్లి కాలేజీలో సీటు వస్తే, సొంత నగరంలోనే చదువుతున్నా, ట్రాఫిక్ గంటల్లో అతని ప్రయాణం మహబూబాబాద్ అమ్మాయి ప్రయాణానికి ఏమీ తీసిపోదు.

డిగ్రీ ఒకటే అయినప్పుడు చదువూ ఒకటేనా?

ఇంటి దగ్గర చదవాలనే వారి వాదనలో బలమైన అంశం ఒకటుంది. జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉండి అటానమస్ కాని కళాశాలలన్నింటిలో పాఠ్యప్రణాళిక ఒకటే, సెమిస్టర్ చివర ప్రశ్నపత్రమూ ఒకటే. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో ఒక్కో సబ్జెక్టుకు 40 మార్కులు ఇంటర్నల్స్‌కు, 60 మార్కులు విశ్వవిద్యాలయం పరీక్షకు ఉన్నాయి. ఆ 60 మార్కుల ప్రశ్నపత్రం ముందు ఊరి కాలేజీ, నగరం కాలేజీ సమానం. చివరికి పట్టా మీదా విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. అలాంటప్పుడు అంత దూరం వెళ్లి అంత ఖర్చు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే.

దీనికి ఎదుటివారి జవాబు కూడా అంతే న్యాయమైనది. పేరున్న పెద్ద కాలేజీలు చాలావరకు అటానమస్ అయ్యాయి, పాఠ్యాంశాలను కంపెనీల అవసరాలకు తగ్గట్టు త్వరగా మార్చుకునే వెసులుబాటు వాటికుంది. ప్రశ్నపత్రం ఒకటే అయినా పాఠం చెప్పే మనిషి ఒకరు కారు. దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ప్రతి 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఏడాదికి 60 సీట్లున్న బ్రాంచిలో నాలుగేళ్లకు 240 మంది, అంటే 12 మంది అధ్యాపకులు కావాలి. పరిశీలన బృందం వచ్చే రోజున ఆ 12 మంది కనిపించి, మామూలు రోజుల్లో ఆరుగురే ఉండే చోట, మిగిలిన ఆరుగురి పాఠాలు నిన్నగాక మొన్న బీటెక్ పూర్తి చేసిన కుర్రాడు చెబుతూ ఉంటాడు.

కాలేజీ గేటు ముందున్న ఫ్లెక్సీ మీది అక్షరాలనూ విడదీసి చదవాలి. న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యతను మదింపు చేసే సంస్థలు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చేది, అదీ నిర్ణీత కాలానికి మాత్రమే. ఎలక్ట్రానిక్స్‌కు ఎన్‌బీఏ ఉన్న కాలేజీలో నిరుడే మొదలైన డేటా సైన్స్ బ్రాంచికి అది ఉండదు. దగ్గరి కాలేజీ, దూరపు కాలేజీ అని పోల్చేటప్పుడు నిజానికి పోల్చవలసింది ఈ కాలేజీలోని ఈ బ్రాంచిని ఆ కాలేజీలోని ఆ బ్రాంచితోనే.

ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలు కూడా జిల్లాల్లోకి వచ్చాయి. 1946 నాటి కాకినాడ, అనంతపురం కళాశాలల సంగతి అందరికీ తెలిసిందే. ఆ తర్వాత పులివెందుల, కలికిరి, నరసరావుపేట, జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్ల, వనపర్తి వంటి చోట్ల జేఎన్‌టీయూలు సొంత కళాశాలలు తెరిచాయి. ఇక్కడ యాజమాన్యం ఒత్తిడి ఉండదు, మంచి ర్యాంకర్లు చేరతారు కాబట్టి తోటి విద్యార్థుల స్థాయి బాగుంటుంది. కొత్తవాటిలో శాశ్వత అధ్యాపకుల కొరత మాత్రం నిజమైన సమస్య.

పరిశ్రమ ఎవరికి దగ్గర?

‘కంపెనీలన్నీ హైదరాబాద్‌లోనే’ అన్న మాట సాఫ్ట్‌వేర్ వరకే నిజం. అక్కడ కూడా క్యాంపస్ నియామకాలకు పెద్ద కంపెనీలు నగరం చుట్టూ ఉన్న కాలేజీలకు ఎక్కువగా వస్తాయి, జిల్లా కాలేజీల పిల్లలు పలు కాలేజీల వారికి కలిపి ఒకేచోట జరిపే పూల్ డ్రైవ్‌ల కోసం తెల్లవారుజామునే బస్సెక్కి నగరానికి వెళ్తారు. ఈ తేడాను చిన్నదిగా చూడలేం.

మిగతా బ్రాంచిల సంగతి అలా కాదు. మైనింగ్ చదవాలనుకునే సింగరేణి ప్రాంతపు విద్యార్థినే తీసుకోండి. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెంలో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా పేరు తెచ్చుకున్న ఇంజినీరింగ్ కళాశాల ఉంది, 2025లో దానినే ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మార్చారు. మంథనిలోని జేఎన్‌టీయూ కళాశాలలోనూ మైనింగ్ బ్రాంచి ఉంది. గని దిగి చూడగలిగే చోట చదివే అవకాశం ఇల్లెందు పిల్లవాడికి ఇంటి గుమ్మంలో ఉంటే, దానిని వదిలి నగర శివారుకు వెళ్లడానికి కారణం కనిపించదు. పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం, తడ పక్కన శ్రీసిటీ, విశాఖ ఉక్కు కర్మాగారం, రామగుండంలోని ఎన్‌టీపీసీ మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ దృష్టితో హైదరాబాద్ కన్నా విలువైనవి కావచ్చు. కాబట్టి ఇంటికి దగ్గరా, పరిశ్రమకు దగ్గరా అన్న ప్రశ్నకు ఒక బ్రాంచి విద్యార్థికి వచ్చే జవాబు మరో బ్రాంచి విద్యార్థికి రాదు.

అమ్మాయిల విషయంలో గీత ఎక్కడ గీస్తున్నారు?

ఈఏపీసెట్ ప్రవేశాల్లో ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలకు కేటాయించారు. అందువల్ల చాలా కాలేజీల్లో అమ్మాయిల చివరి ర్యాంకు అబ్బాయిల కన్నా వెనకగా ఉంటుంది, అంటే అదే ర్యాంకుతో అమ్మాయికి ఇంకా మంచి కాలేజీ వచ్చే వీలుంది. ఈ వెసులుబాటును ఎక్కువగా వదులుకుంటున్నదీ అమ్మాయిలే. అన్నకు హైదరాబాద్ ఆప్షన్లు పెట్టించిన ఇంట్లోనే చెల్లెలికి నలభై కిలోమీటర్ల గీత గీస్తారు.

తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయలేం. నగరంలోని ప్రైవేటు హాస్టళ్లలో ఒక్కో గదిలో నలుగురైదుగురిని ఉంచడం, సరైన వార్డెన్ లేకపోవడం కళ్లతో చూసినవారు పిల్లను పంపడానికి వెనకాడతారు. కానీ ఆ భయానికి జవాబు కిలోమీటర్లలో దొరకదు. క్యాంపస్ లోపలే అమ్మాయిల హాస్టల్ ఉన్న 200 కిలోమీటర్ల దూరపు కాలేజీ ఒకవైపు, చీకటి పడ్డాక ఊరి బయట రోడ్డు మీద దించి వెళ్లే బస్సున్న 50 కిలోమీటర్ల కాలేజీ మరోవైపు ఉంటే, ఏది సురక్షితమో దూరం ఒక్కటే చెప్పలేదు. 1983లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇంజినీరింగ్ ఉందన్న సంగతి కూడా ఆ గీత వల్లనే చాలా ఇళ్లలో చర్చకే రాదు.

దగ్గరి కాలేజీయే దూరమవుతున్న కాలం

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కళాశాలల సంఖ్య 700 దాటింది. నియోజకవర్గానికొకటి అన్నట్టు వెలిశాయి. అప్పుడు దగ్గరి కాలేజీ ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. తర్వాత చేరేవారు లేక ఎన్నో మూతపడ్డాయి. నడుస్తున్నవాటిలో కూడా సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకున్నవి చాలా ఉన్నాయి.

2024–25 నుంచి ఏఐసీటీఈ మరో మార్పు తెచ్చింది. మంచి పనితీరు ఉన్న కళాశాలలు ఒక్కో బ్రాంచిలో ఎన్ని సీట్లు తీసుకోవచ్చన్న గరిష్ఠ పరిమితిని ఎత్తివేసింది. వసతులున్న సంస్థ పెరగకుండా ఆపడం ఎందుకన్నది దీని వెనక ఉన్న తర్కం. విద్యార్థికి తాను కోరుకున్న చోటే సీటు దొరుకుతుందన్నది అనుకూలుర మాట. నగర శివార్లలోని పెద్ద కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సీట్లను పెంచుకుంటే, జిల్లాల్లోని మధ్యస్థాయి కాలేజీలకు చేరవలసిన విద్యార్థులు అటే వెళ్లిపోతారన్నది వ్యతిరేకుల మాట. ఒకే బ్రాంచిలో ఏడాదికి 60 మంది ఉన్న చోట 12 మంది అధ్యాపకులు సరిపోతే, 240 మందిని చేర్చుకునే చోట 48 మంది కావాలి. అంతమంది అర్హులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు ఇంకా కనిపించలేదు. తెలంగాణలో ఈ సీట్ల పెంపు ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య వివాదమై హైకోర్టు దాకా వెళ్లింది. దగ్గరి మంచి కాలేజీ బతకాలంటే అక్కడ చేరేవారు ఉండాలి, చేరేవారు ఉండాలంటే అది ముందు మంచిదై ఉండాలి. ఈ ముడిని ఒక్కో కుటుంబం తన ఆప్షన్లతో విప్పలేదు.

ఆప్షన్ల వరుసలో దూరం ఎలా పనిచేస్తుంది?

సీట్ల కేటాయింపు ర్యాంకుల వరుసలో జరుగుతుంది. ఒక విద్యార్థి వంతు వచ్చినప్పుడు అతని జాబితాను మొదటి నుంచి చూస్తూ పోతారు. అతనికి వర్తించే సీటు ఖాళీగా ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగి దానిని కేటాయిస్తారు. ‘పైన దూరపు కాలేజీలు పెడితే దగ్గరిది పోతుందేమో’ అన్న భయానికి అందువల్ల ఆధారం లేదు. పై ఆప్షన్ రాకపోతే కింది దానికి అవకాశం ఏమాత్రం తగ్గదు.

జనగామ విద్యార్థి ఒకడు జాబితాలో మొదట హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్, రెండోది వరంగల్ దగ్గర కంప్యూటర్ సైన్స్, మూడోది హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ పెట్టాడనుకుందాం. నిరుటి చివరి ర్యాంకులు చూస్తే మొదటిది అతనికి అందదు, మిగిలిన రెండూ అందుతాయి. అతని అసలు నిర్ణయమంతా రెండు, మూడు స్థానాల వరుసలోనే ఉంది. ఇంటి దగ్గర కోరుకున్న బ్రాంచి కావాలా, దూరంగా పేరున్న కాలేజీలో రెండో ఇష్టమైన బ్రాంచి కావాలా అన్నది ఆ ఒక్క అంకె మార్పుతో తేలిపోతుంది. చివరి ర్యాంకును చూసేటప్పుడు కూడా తన సామాజిక వర్గం, స్త్రీ పురుష విభాగం, స్థానిక ప్రాంతం మూడూ సరిపోయిన వరుసలోనే చూడాలి. గిద్దలూరు విద్యార్థి నంద్యాల కాలేజీకి స్థానికుల చివరి ర్యాంకు చూసుకుని ధీమాగా ఉంటే మోసపోతాడు.

రెండో విడతలో మరో మెలిక ఉంది. మొదటి విడతలో వరంగల్ సీటు వచ్చి, ఫీజు కట్టి, సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో తెలిపే సెల్ఫ్ రిపోర్టింగ్ కూడా పూర్తి చేసిన ఆ జనగామ విద్యార్థి ‘వస్తుందేమో చూద్దాం’ అని రెండో విడతలో మళ్లీ హైదరాబాద్ ఆప్షన్లు పెట్టాడనుకుందాం. వాటిలో ఏ ఒక్కటి వచ్చినా పాత సీటు దానంతటదే రద్దయి, ఆ విడతలోనే తర్వాతి ర్యాంకు వారికి వెళ్లిపోతుంది. తెల్లవారి ఇంట్లో అందరూ కూర్చుని మళ్లీ ఆలోచించుకుని ‘దగ్గర్లోనే ఉంటే బాగుండేది’ అనుకున్నా, వరంగల్ కాలేజీలోని ఆ సీటు అప్పటికే మరో ఇంటి పిల్లదై ఉంటుంది.